ఒరిపిడి, బీఎంపీ-2: రెండూ కలిపి ఎముక కణాల మీద పరీక్షించే ఫ్లో చాంబర్ – పని డైరీ

ఎముక మీద బరువు పడినప్పుడల్లా లోపలి సన్నటి కాలువల్లో ద్రవం అటూ ఇటూ కదులుతుంది. అది కణం ఒంటిని రాసుకుంటూ పోయే ఒరిపిడినే షియర్ అంటాం. వైన్‌బామ్, కోవిన్, జెంగ్ 1994లో వేసిన లెక్క ప్రకారం ఆ కాలువల్లో షియర్ చదరపు సెంటీమీటరుకు 8 నుంచి 30 డైన్ల మధ్య ఉంటుంది. ఇక్కడ ఎంచుకున్నది 12 డైన్లు, అంటే 1.2 పాస్కల్. కింద ఎక్కడ డైన్లు అన్నా చదరపు సెంటీమీటరుకనే అర్థం. కణాలు ఎంసీ3టీ3-ఈ1 సబ్‌క్లోన్ 4, ఎలుక పుర్రె ఎముక నుంచి వచ్చినవి. ఇవి కాలువల్లో ఉండే ఆస్టియోసైట్లు (ఎదిగి ఎముకలో ఇరుక్కుపోయిన కణాలు) కావు, ఆస్టియోబ్లాస్టులుగా (ఎముకను కట్టే కణాలుగా) మారబోయే కణాలు. ఫలితం చదివేటప్పుడు ఈ తేడా మర్చిపోవద్దు.

ప్రశ్న ఒక్కటే. బీఎంపీ-2 (ఎముక పెరుగుదలను పురిగొల్పే గ్రోత్ ఫ్యాక్టర్ ప్రోటీన్) తగిలినప్పుడు కణంలో దాని కబురు మోసే స్మాడ్1/5 ప్రోటీన్ల మీద పడే ఫాస్ఫేట్ గుర్తు, అదే సమయంలో ఒరిపిడి కూడా ఉంటే పెరుగుతుందా? పెరిగితే అది నిజంగా ఒరిపిడి వల్లేనా, లేక ప్రవాహం గ్రోత్ ఫ్యాక్టర్‌ను ఎక్కువగా మోసుకొచ్చినందువల్లా? డైరీలో చాలా భాగం రెండో ప్రశ్నకే పోయింది.

దశ 1: చాంబర్, గాస్కెట్ (1–3 వారాలు, కణాలు లేకుండా)

కొలతలు: ప్రవాహపు దారి వెడల్పు 25 మి.మీ., పొడవు 60 మి.మీ., ఎత్తు 250 మైక్రాన్లు. అడుగున 75 × 38 మి.మీ. గాజు స్లైడ్, పైన పాలీకార్బొనేట్ పలక, మధ్యలో సిలికోన్ గాస్కెట్, చుట్టూ 8 స్క్రూలు.

లెక్క: షియర్ = 6 × స్నిగ్ధత × ప్రవాహం ÷ (వెడల్పు × ఎత్తు × ఎత్తు). 37 డిగ్రీల దగ్గర తక్కువ సెరమ్ ఉన్న మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) స్నిగ్ధత 0.78 సెంటీపాయిజ్ వచ్చింది. దాని ప్రకారం 12 డైన్లకు నిమిషానికి 24 మి.లీ. కావాలి. రెనాల్డ్స్ సంఖ్య సుమారు 20, కాబట్టి ప్రవాహం పొరలుగానే సాగుతుంది, సుడులు పుట్టవు.

లెక్క బాగానే ఉంది, చాంబరే దాని మాట వినలేదు. ఫార్ములాలో ఎత్తు వర్గంగా వస్తుంది, కాబట్టి ఎత్తులో చిన్న తప్పు షియర్‌లో పెద్ద తప్పవుతుంది. 0.25 మి.మీ. సిలికోన్ షీటు కోసి, నీళ్లు కారకుండా స్క్రూలు బిగించాక లోపలి ఎత్తు ఎంతుందో బయటి నుంచి కనబడదు. కాలిపర్ పనికిరాదు. పనికొచ్చింది నీటి మానోమీటర్.

1. చాంబర్ లోపలి రెండు చివరల్లో, పలకకే, రెండు సన్నటి రంధ్రాలు వేయండి. ట్యూబుల దగ్గర కొలిస్తే ట్యూబుల ఒత్తిడి నష్టం కూడా కలిసిపోతుంది.
2. 25 డిగ్రీల నీళ్లు నిమిషానికి 24 మి.లీ. చొప్పున పంపండి.
3. రెండు గొట్టాల్లో నీటి మట్టాల తేడా చదవండి. ఎత్తు 250 మైక్రాన్లు ఉంటే 6.7 సెం.మీ. రావాలి.

వచ్చింది 9.2 సెం.మీ. ఒత్తిడి తేడా ఎత్తు ఘనానికి విలోమంగా మారుతుంది. 9.2ను 6.7తో భాగించి ఘనమూలం తీస్తే 1.11, అంటే నిజమైన ఎత్తు 225 మైక్రాన్లు. షియర్ 12 అనుకున్న చోట 14.8 డైన్లు పడుతోందన్నమాట. పైగా స్క్రూలు ఎవరు బిగిస్తే వాళ్ల చేతి బలాన్ని బట్టి అంకె మారింది.

మార్పు: నాలుగు మూలలా 250 మైక్రాన్ల స్టీల్ షిమ్ (పల్చటి రేకు) ముక్కలు, మధ్యలో 0.3 మి.మీ. సిలికోన్ గాస్కెట్. స్క్రూ ఎంత బిగించినా పలక స్టీల్ మీద ఆగిపోతుంది. ఆ తర్వాత మానోమీటర్ 6.6 నుంచి 6.8 మధ్యే నిలిచింది. ప్రతి కొత్త గాస్కెట్‌కూ ఈ పరీక్ష 5 నిమిషాల పని, వదిలేయకండి.

మొత్తం ఇప్పటికి: కణాలున్న స్లైడ్లు 0, బీఎంపీ-2 ఖర్చు 0.

దశ 2: పంపు, లూప్, బుడగలు (4–5 వారాలు)

రోలర్ పంపు తరంగాలు తరంగాలుగా తోస్తుంది. పంపుకూ చాంబర్‌కూ మధ్య ఒక టీ (T) ఆకారపు జాయింటు పెట్టి, దాని మీద 5 మి.లీ. గాలి బంధించిన 10 మి.లీ. సిరంజి గొట్టం నిలబెడితే మానోమీటర్ ఊగడం దాదాపు ఆగింది.

మొదటి ఆరు స్లైడ్లూ పోయాయి. కారణాలు మూడు.

పంపును ఇంక్యుబేటర్ లోపల పెట్టడం మొదటిది. మోటారు వేడికి మీడియం 37 దాటింది. పంపును బయట పెట్టి, ట్యూబులను మాత్రం పక్క రంధ్రంలోంచి లోపలికి పంపాలి. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) మీడియం చాంబర్ నుంచి బయటికి వచ్చే చోట ఉండాలి, ఇంక్యుబేటర్ గోడకు కాదు.

రెండోది పీహెచ్. సిలికోన్ ట్యూబు గోడల్లోంచి కార్బన్ డయాక్సైడ్ జారిపోతుంది. బయట ఉన్న భాగంలో మీడియం గులాబీ రంగుకు తిరిగితే క్షారం వైపు వెళ్లినట్టే. పీహెచ్‌ను నిలిపే హెపెస్ 20 మిల్లీమోలార్ కలిపి, రిజర్వాయర్ మూతకు ఫిల్టర్ పెట్టి లోపలి 5 శాతం గాలి తగిలేలా చేశాక రంగు నిలబడింది. అదే గోడల్లోంచి నీటి ఆవిరి కూడా పోతుంది కాబట్టి బయటి ట్యూబు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

మూడోది బుడగ. ఫ్రిజ్‌లోంచి తీసి అప్పటికప్పుడు వేడి చేసిన మీడియం లూప్‌లోకి (పంపు, ట్యూబులు, చాంబర్ కలిసిన చుట్టులోకి) వెళ్లాక బుడగలు కక్కుతుంది. ఒక్క బుడగ చాంబర్ దాటిపోతే దాని దారిలో కణాలు చారలా ఊడిపోతాయి. మైక్రోస్కోప్ కింద ఆ చార కనిపిస్తే స్లైడ్ పారేయడమే. మీడియం ముందు రాత్రే ఇంక్యుబేటర్‌లో వదులు మూతతో ఉంచాలి, చాంబర్‌ను 45 డిగ్రీలు వంచి కింది వైపు నుంచి నింపాలి.

మొత్తం ఇప్పటికి: స్లైడ్లు 6, పనికొచ్చినవి 0. బీఎంపీ-2 ఖర్చు 0.

దశ 3: ఏమీ చేయకుండానే వెలిగే కంట్రోల్ (6–9 వారాలు)

కణాల ఏర్పాటు: అసార్బిక్ యాసిడ్ లేని ఆల్ఫా-ఎంఈఎం, 10 శాతం సెరమ్. మామూలు ఆల్ఫా-ఎంఈఎంలో అసార్బిక్ యాసిడ్ ముందే ఉంటుంది. సీసా పొరపాటున మారితే నిల్వలో ఉండగానే కణాలు ఎముక వైపు నడక మొదలుపెడతాయి. పాసేజ్ (కణాలను కొత్త పాత్రలోకి మార్చిన లెక్క) 20 దాటనివ్వలేదు. స్లైడ్ మీద కణాలు అంటుకోవడానికి ఫైబ్రోనెక్టిన్ (మి.లీ.కు 10 మైక్రోగ్రాములు, గంటసేపు). ఫ్లోకు ముందు రాత్రంతా 0.5 శాతం సెరమ్, ఎందుకంటే సెరమ్‌లోనే బీఎంపీల చర్య ఉంటుంది.

ఇక్కడ రెండు తప్పులు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి.

మొదటిది విస్తీర్ణం. స్లైడ్ మొత్తం 28.5 చ.సెం.మీ. అందులో ప్రవాహం తగిలేది 15. స్లైడ్ మొత్తాన్ని గీకి లైసేట్ చేస్తే (కణాలను పగలగొట్టి లోపలి ప్రోటీన్ తీస్తే) దాదాపు సగం కణాలు ఒరిపిడి ఎరగనివి. నిజంగా 3 రెట్లు పెరిగిన గుర్తు కొలతలో 2.05 రెట్లుగా కనిపిస్తుంది. ఇంకా చెడ్డ సంగతి, గాస్కెట్ కింద నలిగిన కణాల్లోంచి కారినవన్నీ అందులోనే కలుస్తాయి. కణాలు వేసేటప్పుడే 25 × 60 మి.మీ. కిటికీ కోసిన సిలికోన్ మాస్క్ అంటించి, ఆ కిటికీలో మాత్రమే 3 లక్షల కణాలు వేయండి. 48 గంటలకు 80–90 శాతం నిండుతుంది. మాస్క్ తీశాకే చాంబర్ కట్టాలి.

రెండోది మరింత మొండిది. వెస్టర్న్‌లో (ప్రోటీన్లను జెల్‌లో విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్షలో) ప్రవాహం లేని కంట్రోల్‌కు కూడా ఫాస్ఫో-ఈఆర్‌కే (కుదుపుకు లేచే ఈఆర్‌కే ఎంజైమ్, ఫాస్ఫేట్ పడిన రూపంలో) బ్యాండ్ గట్టిగా వచ్చింది. యాంటీబాడీ మార్చాం, తగ్గలేదు. బ్లాకింగ్‌కు పాలపొడి వాడుతుంటే పాలల్లోని కేసీన్ ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్ కాబట్టి మసక పెరుగుతుంది. 5 శాతం బీఎస్‌ఏకు (ఆవు రక్తపు ఆల్బుమిన్ ప్రోటీన్‌కు) మారాక మసక పోయింది, బ్యాండ్ పోలేదు. తప్పు వెస్టర్న్‌లో లేదు, చేతుల్లో ఉంది. మీడియం మార్చినా, స్లైడ్ ఎత్తి పెట్టినా కణాలు ఏటీపీని బయటికి వదులుతాయి. ఆ ఏటీపీ పక్క కణాల గ్రాహకాలకు తగిలి నిమిషాల్లో ఈఆర్‌కేను లేపుతుంది. చాంబర్ కట్టడమే కణానికి పెద్ద కుదుపు.

మార్చిన పద్ధతి:

1. చాంబర్ కట్టాక నిమిషానికి 0.24 మి.లీ. చొప్పున 45 నిమిషాలు నెమ్మది ప్రవాహం. అక్కడ షియర్ 0.12 డైన్లే. దీన్ని విశ్రాంతి అంటున్నాం.
2. బీఎంపీ కలపడానికి చాంబర్ ముట్టుకోవద్దు. మూడు దారుల స్టాప్‌కాక్ తిప్పి బీఎంపీ లేని ‘A’ రిజర్వాయర్ నుంచి బీఎంపీ ఉన్న ‘B’ రిజర్వాయర్‌కు మారండి.
3. స్టాప్‌కాక్ నుంచి చాంబర్ వరకు 1.6 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ట్యూబు 20 సెం.మీ. ఉంటే అందులో 0.4 మి.లీ. పడుతుంది. నెమ్మది ప్రవాహంలో బీఎంపీ చేరడానికి 1 నిమిషం 40 సెకన్లు, వేగంలో 1 సెకను. గడియారం చేరినప్పటి నుంచి మొదలుపెట్టాలి.
4. ముగింపులో పంపు ఆపి స్క్రూలు విప్పడానికి 3 నిమిషాలు పట్టేది, ఈలోగా ఫాస్ఫేట్లు ఊడిపోతాయి. ఇప్పుడు ఫాస్ఫేట్లు ఊడకుండా ఆపే ఆర్థోవనడేట్ 1 మిల్లీమోలార్ కలిపిన మంచు చల్లటి పీబీఎస్‌ను (ఉప్పు బఫర్‌ను) అదే దారిలో 15 సెకన్లు పంపి, తర్వాతే విప్పుతున్నాం. కంట్రోల్‌కూ ఇదే చన్నీటి స్నానం.
5. లైసిస్ బఫర్ 80 మైక్రోలీటర్లు, మంచు మీద గీకడం. ప్రోటీన్ మి.లీ.కు 1 మి.గ్రా. కంటే తక్కువొస్తే ఆ స్లైడ్ లెక్కలోకి రాదు. లేన్‌కు 20 మైక్రోగ్రాములు.

మొత్తం స్మాడ్1, ఫాస్ఫో-స్మాడ్1/5 రెండూ 60 కిలోడాల్టన్ల దగ్గరే వస్తాయి. ఒకే మెంబ్రేన్‌ను కడిగి మళ్లీ వాడితే ప్రోటీన్ కూడా కొంత పోతుంది, నిష్పత్తి నమ్మలేం. జంట జెల్స్ నడపండి.

మొత్తం ఇప్పటికి: స్లైడ్లు 18, పనికొచ్చినవి 5. బీఎంపీ-2 ఖర్చు 0.

దశ 4: బీఎంపీ-2 మోతాదు, ట్యూబు తినేసిన బీఎంపీ (10–12 వారాలు)

బీఎంపీ-2 రెండు గొలుసుల జంట, సుమారు 26 కిలోడాల్టన్లు. కాబట్టి 1 నానోమోలార్ అంటే మి.లీ.కు 26 నానోగ్రాములు. 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 0.1 శాతం బీఎస్‌ఏతో కరిగించి, చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80లో దాచండి. బాక్టీరియాలో తయారైన దానికి చక్కెర గొలుసులు ఉండవు, తటస్థ పీహెచ్‌లో తొందరగా అవక్షేపం అవుతుంది. గాఢమైన స్టాక్‌ను నేరుగా మీడియంలో ఒలకబోయకూడదు, కలుపుతూ చుక్కలుగా వేయాలి.

మొదటి రెండు పరుగులు 40 మి.లీ. లూప్‌లో 5 నానోమోలార్‌తో. ఒక్కో పరుగుకు 5.2 మైక్రోగ్రాములు, అంటే 10 మైక్రోగ్రాముల వయల్ రెండు పరుగులకు కూడా చాలదు. స్మాడ్ గుర్తు మాత్రం స్థిర (ప్రవాహం లేని) స్లైడ్ కంటే బలహీనంగా వచ్చింది. చాంబర్ ముందు నుంచి నమూనా తీసి ఎలైజా (యాంటీబాడీతో ప్రోటీన్ మోతాదు కొలిచే పరీక్ష) చేస్తే వేసినదాంట్లో సగం కూడా మిగల్లేదు. సిలికోన్ గోడ బీఎంపీని పట్టేసుకుంటోంది.

మార్పులు: ట్యూబులు కురచ చేసి లూప్ 16 మి.లీ.కు దించాం. ప్రతి పరుగుకు ముందు 0.1 శాతం బీఎస్‌ఏ ఉన్న మీడియంతో లూప్‌ను గంటసేపు తిప్పి పారబోయాలి, మీడియంలో కూడా 0.1 శాతం బీఎస్‌ఏ ఉండాలి. మొదట్లో, 60వ నిమిషంలో చాంబర్ ముందు నుంచి 100 మైక్రోలీటర్లు తీసి ఎలైజాకు దాచండి. కణాలకు అందిన మోతాదు అదే, సీసా మీద రాసుకున్నది కాదు.

తర్వాత స్థిర స్లైడ్ల మీద 0, 0.1, 0.3, 1, 3, 10 నానోమోలార్, ఒక్కోదానికి 5 మి.లీ., రెండు సెట్లు. 5 నానోమోలార్ ఎందుకు తప్పో ఈ వక్రరేఖ చెప్పింది. 3 దాటాక గుర్తు దాదాపు పైకప్పుకు ఆనుకుంది. అక్కడ ఒరిపిడి ఏం కలిపినా కనబడే చోటే లేదు. 1 నానోమోలార్ వాలు మధ్యలో ఉంది. పెరిగినా తగ్గినా కనిపిస్తుంది కనుక దాన్నే ఖాయం చేశాం.

మొత్తం ఇప్పటికి: స్లైడ్లు 32, పనికొచ్చినవి 16. బీఎంపీ-2 ఖర్చు 14.14 మైక్రోగ్రాములు (పారేసిన రెండు పరుగులకే 10.4).

దశ 5: ఆరు గదుల పరీక్ష (13–17 వారాలు)

ఈ పని చేసేవాళ్లు సాధారణంగా నాలుగు గదులు పెట్టుకుంటారు: స్థిరం, స్థిరం + బీఎంపీ, ప్రవాహం, ప్రవాహం + బీఎంపీ. అది చాలదు, ఎందుకో ఈ లెక్క చూడండి. ఇంత పెద్ద ప్రోటీన్ వ్యాపన గుణకం సుమారు సెకనుకు 10 లక్షల్లో ఒక చ.సెం.మీ. అరగంటలో అది నడిచే దూరం 0.6 మి.మీ. స్థిర స్లైడ్ మీద 5 మి.లీ. మీడియం లోతు 1.75 మి.మీ. అంటే అరగంటలో అడుగున ఉన్న మూడో వంతు బీఎంపీ మాత్రమే కణాల దాకా వస్తుంది. కణాల పైపూతలోని హెపరాన్ సల్ఫేట్ (ఒక చక్కెర గొలుసు) దాన్ని పట్టేస్తూ ఉంటే అడుగు పొర పల్చబడుతుంది. ప్రవాహం ఉన్న చాంబర్‌లోనో, 0.375 మి.లీ. మొత్తం సెకనులోపే కొత్తదవుతుంది. ఈ రెండింటినీ పోల్చి ‘ఒరిపిడి బీఎంపీని బలపరిచింది’ అనడం సరికాదు.

అందుకే నెమ్మది ప్రవాహం గది: నిమిషానికి 0.24 మి.లీ. చాంబర్ మీడియం 94 సెకన్లకోసారి మారుతుంది, షియర్ వందో వంతు. దానికీ బీఎంపీతో ఒకటి, లేకుండా ఒకటి. మొత్తం ఆరు. ఇంత తక్కువకు పంపు తలలో సన్నటి ట్యూబు వేయాలి, పెద్ద ట్యూబుతో రోలర్లు తడబడతాయి.

ఒక సెట్ క్రమం:

1. ఒకే రోజు, ఒకే పాసేజ్ కణాలు, ఆరు స్లైడ్లు.
2. చాంబర్‌లో కట్టిన నాలుగింటికి 45 నిమిషాల విశ్రాంతి. స్థిర స్లైడ్లకు అంతసేపు కదలిక లేకుండా ఇంక్యుబేటర్.
3. బీఎంపీకి మార్పు, ప్రవాహం ఒకేసారి.
4. ఫాస్ఫో-స్మాడ్ కోసం 30 నిమిషాలు. ఈఆర్‌కే 5–15 నిమిషాల్లో ఎక్కి, గంటలోపు దిగుతుంది, కాబట్టి దానికి వేరే సెట్ 10 నిమిషాల దగ్గర. ఒకే సమయంలో రెండూ కొలిస్తే రెండింట్లో ఒకటి తప్పుతుంది.
5. చల్లటి పీబీఎస్, లైసిస్.

నాలుగు సెట్లు నడిపాం: మూడు 30 నిమిషాలకు, ఒకటి 10కి. 30 నిమిషాల సెట్లలో ఒకటి మధ్యలో కరెంటు పోయి నాశనమైంది. ఇంక్యుబేటర్ యూపీఎస్ మీద ఉంది, బయటికి మార్చిన పంపు మాత్రం గోడ ప్లగ్గుకు ఉంది. మే నెలలో ఈ పని పెట్టుకునేవాళ్లు పంపు, ఇంక్యుబేటర్ రెండూ ఒకే యూపీఎస్‌కు తగిలించాలి.

కనిపించింది: స్థిరం + బీఎంపీకి, వేగం + బీఎంపీకి మధ్య ఫాస్ఫో-స్మాడ్ తేడాలో పెద్ద వాటా నెమ్మది ప్రవాహంలోనే వచ్చేసింది. అది రవాణా వాటా. నెమ్మది నుంచి వేగానికి మిగిలిన పెరుగుదల చిన్నది, కానీ మిగిలిన రెండు సెట్లలోనూ ఒకే దిశలో ఉంది. ఫాస్ఫో-ఈఆర్‌కే మాత్రం బీఎంపీ ఉన్నా లేకున్నా వేగపు గదుల్లోనే లేచింది. రెండు సెట్లతో గ్రాఫ్ గీయలేదు. ఒకే రోజు పెట్టిన మూడు స్లైడ్లు మూడు ప్రయోగాలు కావు, ఒక్కటే. ఆరు వేర్వేరు రోజుల సెట్లు వచ్చాకే రెండు అంశాల అనోవా (సగటుల తేడాను పరీక్షించే గణాంక పద్ధతి), అదీ లాగ్ విలువల మీద.

మొత్తం ఇప్పటికి: స్లైడ్లు 56, పనికొచ్చినవి 34. బీఎంపీ-2 ఖర్చు 17.99 మైక్రోగ్రాములు.

దశ 6: ఒరిపిడా, రవాణానా? డెక్స్‌ట్రాన్, నిరోధకాలు (18–21 వారాలు)

షియర్‌ను ప్రవాహ వేగం నుంచి విడదీయడానికి చిక్కటి మీడియం మంచి దారి. విస్కామీటర్‌లో 1.56 సెంటీపాయిజ్ వచ్చేదాకా డెక్స్‌ట్రాన్ కలిపి మూడు పరుగులు చేశాం, అన్నింటిలో 1 నానోమోలార్ బీఎంపీ:

1. మామూలు మీడియం, 24 మి.లీ.: 12 డైన్లు.
2. చిక్కటి మీడియం, 12 మి.లీ.: 12 డైన్లు.
3. మామూలు మీడియం, 12 మి.లీ.: 6 డైన్లు.

గుర్తు ఒరిపిడిని అనుసరిస్తే 1, 2 ఒకేలా ఉండాలి. రవాణాను అనుసరిస్తే 2, 3 ఒకేలా ఉండాలి. ఫాస్ఫో-ఈఆర్‌కేలో మొదటి రకం స్పష్టంగా కనిపించింది. ఫాస్ఫో-స్మాడ్‌లో మూడింటి మధ్య తేడా మా కొలత చెదురు కంటే పెద్దది కాదు. పెద్ద అణువుల డెక్స్‌ట్రాన్ అయితే ఆస్మోలాలిటీ పెద్దగా కదలదు, అయినా కొలిచి చూడండి. ఎండోటాక్సిన్ తక్కువున్న గ్రేడే కొనాలి, లేకపోతే ఇంకో సిగ్నల్ వచ్చి కలుస్తుంది.

నిరోధకాలు: ఎల్‌డీఎన్-193189 100 నానోమోలార్ (బీఎంపీ మొదటి రకం గ్రాహకాల కైనేజ్‌ను ఆపుతుంది), యూ0126 10 మైక్రోమోలార్ (ఈఆర్‌కేకు పై మెట్టులో ఉన్న మెక్ ఎంజైమ్‌ను ఆపి ఈఆర్‌కేను నిద్రపుచ్చుతుంది), 0.1 శాతం డీఎంఎస్‌ఓ (నిరోధకాలను కరిగించే ద్రావకం) కంట్రోల్. విశ్రాంతి దశలోనే మొదలుపెట్టాలి. వీటితోపాటు బీఎంపీ లేని వేగపు గదిలో నాగిన్ (బీఎంపీని పట్టుకుని గ్రాహకానికి తగలనివ్వని ప్రోటీన్).

ఎల్‌డీఎన్‌తో ఫాస్ఫో-స్మాడ్ పూర్తిగా మాయమైంది, ప్రవాహం ఉన్నా సరే. అంటే ఒరిపిడి గ్రాహకాన్ని దాటుకుని పక్కదారిలో స్మాడ్‌ను తాకడం లేదు. బీఎంపీ వేయని వేగపు గదిలో ఉన్న పల్చటి స్మాడ్ బ్యాండ్ నాగిన్‌తో పోయింది. కణాలు వదిలినదో సెరమ్‌లో మిగిలినదో, అక్కడ ఏదో బీఎంపీ ఉందన్నమాట. ‘ఒరిపిడి ఒక్కటే స్మాడ్‌ను లేపింది’ అని రాయబోయేవాళ్లు ఈ ఒక్క కంట్రోల్ పెట్టాకే రాయాలి.

యూ0126 ఇంకో చిక్కు చూపించింది. ఈఆర్‌కే స్మాడ్1 నడుమ భాగం మీద, సెరిన్ 206 లాంటి చోట్ల, ఫాస్ఫేట్ పెట్టి అది న్యూక్లియస్‌లో పోగుపడకుండా అడ్డుకుంటుందని 1997 నుంచే తెలుసు. గ్రాహకం పెట్టేది మాత్రం తోక చివర సెరిన్ 463/465 మీద. ఒరిపిడి ఒక చేత్తో ఈఆర్‌కేను లేపి స్మాడ్‌ను వెనక్కి లాగుతూ, ఇంకో చేత్తో తోక గుర్తును పెంచుతూ ఉండొచ్చు. తోక గుర్తు ఒక్కటే కొలిస్తే సగం కథే. అందుకని సెరిన్ 206 యాంటీబాడీ, 60 నిమిషాల దగ్గర స్మాడ్ లేపే ఐడీ1 జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏ, రెండూ ప్రతి సెట్‌లో చేర్చాం.

మొత్తం ఇప్పటికి: స్లైడ్లు 70, పనికొచ్చినవి 46. బీఎంపీ-2 ఖర్చు 22.98 మైక్రోగ్రాములు.

దశ 7: అటూ ఇటూ ఊగే ప్రవాహం (22వ వారం, జరుగుతోంది)

నడకలో ఎముక ద్రవం ఒకే వైపు పారదు, ఊగుతుంది. సిరంజి పంపుతో సెకనుకు ఒక ఊపు, శిఖరం దగ్గర అదే 12 డైన్లు. లెక్క వేస్తే ఒక్కో ఊపుకు కదిలేది 0.127 మి.లీ. చాంబర్‌లో ఉన్నది 0.375. అంటే ద్రవం 2 సెం.మీ. జరిగి వెనక్కి వస్తుంది, మధ్యలో ఉన్న కణాలకు కొత్త మీడియం అందదు. పైగా వాటి మీదున్న పొర 250 మైక్రాన్లే. 15 చ.సెం.మీ. కణాలకు చాంబర్‌లో ఉన్న బీఎంపీ మొత్తం 9.75 నానోగ్రాములు. స్థిర స్లైడ్ మీదైతే అదే మోతాదుకు 130 ఉండేవి. దశ 5లో ప్రవాహం బీఎంపీని ఎక్కువ అందించి మోసం చేసింది, ఇక్కడ తక్కువ అందించి మోసం చేస్తుంది.

ప్రస్తుత అమరిక: ఊగే ప్రవాహం మీదే నిమిషానికి 0.24 మి.లీ. ఒకవైపు ప్రవాహం కూడా కలుపుతున్నాం, నెమ్మది గదికి సమానంగా. మొదటి నీళ్ల పరీక్షలో సిరంజి దిశ మారేచోట మానోమీటర్ ఒక్క క్షణం ఆగి ఎగిరింది. పాత గాలి సిరంజి ఇంకా లూప్‌లోనే ఉంది, అది ఊపును మింగుతోంది. దాన్ని తీసేసి, సిరంజికీ చాంబర్‌కూ మధ్య గట్టి గోడ ట్యూబు వేసి మళ్లీ కొలవాలి.